మబ్బు నీలమా, నీలిమందు నీలమా: మీ గది గోడకు ఏది నప్పుతుంది?

షేడ్ కార్డు చేతిలో పట్టుకుని నీలాల వరుస దగ్గర ఆగిపోయినవారి కోసం ఇది రాస్తున్నాను. మిగిలిన రంగుల విషయంలో మనసు తొందరగానే కుదురుకుంటుంది. నీలం దగ్గరికి వచ్చేసరికి రెండు రంగులు చివరిదాకా పోటీ పడతాయి. చాలామందికి ఆ రెండూ ఇవే. ఒకటి, బూడిద రంగు కాస్త కలిసిన లేత నీలం. వాన వెలిశాక ఆకాశంలో మిగిలే మబ్బు రంగు. రెండోది, నీలిమందులో ముంచి తీసిన బట్టలా నిండుగా ఉండే ముదురు నీలం. మొదటిదాన్ని మబ్బు నీలం అనీ, రెండోదాన్ని నీలిమందు నీలం అనీ పిలుస్తాను. కంపెనీని బట్టి పేర్లూ నంబర్లూ మారినా వీటి స్వభావాలు మారవు.

ఈ రెండు రంగుల మధ్యా నేను ఏళ్ల తరబడి ఉన్నాను. ఒకే పడకగదికి మొదట ఒకటి, తర్వాత రెండోది వేయించాను. కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను: వెలుతురు ధారాళంగా వచ్చే గదికి మబ్బు నీలం, వెలుతురు కరువైన గదికి నీలిమందు నీలం. మామూలుగా వినిపించే సలహా దీనికి సరిగ్గా తలకిందులు. "గది చీకటిగా ఉంది కదా, లేత రంగు వేయండి, వెలుగొస్తుంది" అంటారు. క్రీము, లేత పసుపు లాంటి వెచ్చని రంగులకు ఆ మాట చాలావరకు చెల్లుతుంది. నీలానికి చెల్లదు.

వెలుతురు తక్కువైతే నీలం ఏమవుతుంది

రంగులకు ఎల్‌ఆర్‌వీ అనే కొలత ఒకటి ఉంది. గోడ మీద పడిన వెలుతురులో ఎంత భాగం తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే అంకె అది. అచ్చమైన నలుపుకు 0, అచ్చమైన తెలుపుకు 100. చాలా కంపెనీలు ఈ అంకెను షేడ్ కార్డు వెనకో, తమ వివరాల పట్టికలోనో ఇస్తాయి. మబ్బు నీలం జాతి రంగులకు ఇది సాధారణంగా 55 నుంచి 65 మధ్య ఉంటుంది. నీలిమందు నీలం జాతికి 10 లోపే. అంటే మొదటిది పడిన వెలుతురులో సగానికి పైగా తిరిగి ఇస్తుంది, రెండోది పదో వంతు కూడా ఇవ్వదు.

ఈ అంకెలు చూసి, చీకటి గదికి 60 ఉన్నదే మేలు అనిపించడం సహజం. అయితే రంగు తనంతట తాను వెలుగునివ్వదు, వచ్చినదాంట్లో వాటా తిరిగిస్తుంది, అంతే. వచ్చేదే అరకొర అయితే అందులో 60 శాతం కూడా అరకొరే. దీనికి తోడు మన కంటి తీరు ఒకటి ఉంది. వెలుతురు తగ్గే కొద్దీ కంటికి రంగులను విడదీసి చూసే శక్తి తగ్గుతుంది. మబ్బు నీలంలో నీలం పాలు కొంచెమే, మిగిలినదంతా తెలుపూ బూడిదా. మసక వెలుతురులో ఆ కొంచెం నీలం ముందుగా చేజారిపోతుంది. మిగిలేది బూడిద రంగు. గది మూలల్లో అది మరీ మురికిపట్టినట్టు కనిపిస్తుంది.

మా పడకగదికి ఉన్నది ఒక్క కిటికీ, అదీ ఉత్తరం వైపు. కార్డు మీద చూసి ముచ్చటపడి మబ్బు నీలం వేయించాను. పొద్దున పది గంటల ప్రాంతంలో కిటికీ పక్క గోడ అచ్చం నేను ఊహించినట్టే ఉండేది. మంచం తలవైపు గోడ మాత్రం ఏ వేళలోనూ నీలంగా కనిపించలేదు. మధ్యాహ్నం దాటితే తడిసిన సిమెంటులా, సాయంత్రానికి పాత అల్యూమినియం గిన్నెలా ఉండేది. దీపం మార్చాను, కర్టెన్లు తెల్లవి వేశాను, అద్దం తగిలించాను. ఏదీ దాన్ని నీలం చేయలేకపోయింది. రెండేళ్ల తర్వాత అదే గదికి నీలిమందు నీలం వేయిస్తే, మొదటి రాత్రే గది కుదుటపడింది. వెలుగు పెరగలేదు, ఆ మాట నిజమే. కానీ ఆ గోడ వెలుగుగా ఉన్నట్టు నటించడం మానేసింది. మూలలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో కంటికి ఆనదు కాబట్టి గది ఇరుకు తెలియడం తగ్గింది. దీపం చుట్టూ పడే వెలుగు గుండ్రంగా, ఒత్తుగా నిలిచింది.

కిటికీ దిక్కు గురించి ఒక మాట. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న ప్రాంతాల్లో ఉత్తరపు కిటికీ నుంచి ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ రాదు, ఆకాశపు వెలుతురే వస్తుంది. ఆ వెలుతురులోనే నీలం పాలు ఎక్కువ. దక్షిణార్ధగోళంలో దక్షిణపు కిటికీది ఇదే పరిస్థితి. అటువంటి గదిలో మబ్బు నీలం చల్లబడిపోతుంది, చలువరాతి గదిలో కూర్చున్నట్టు ఉంటుంది. తూర్పు కిటికీ ఉంటే పొద్దున్నే బంగారు వెలుగు పడి మబ్బు నీలం మెత్తగా, కొంచెం ఆకుపచ్చగా మారుతుంది. మధ్యాహ్నానికి మళ్లీ చల్లబడుతుంది. పడమటి కిటికీ దీనికి తలకిందులు. రెండు వైపులా కిటికీలున్న పెద్ద గది దొరికిందంటే మబ్బు నీలానికి అంతకంటే భాగ్యం లేదు. మా ఇంట్లో తూర్పు, దక్షిణం కిటికీలున్న ముందు గదికి ఇప్పటికీ అదే రంగు ఉంది. అక్కడ అది రోజుకు నాలుగు రకాలుగా మారుతుంది, నాలుగూ నాకు ఇష్టమే.

సంధ్యవేళ గురించి కూడా చెప్పాలి. 1819లో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే ఒక సంగతి గమనించారు. పగటి వెలుగులో కళకళలాడే ఎర్రటి పువ్వులు, వెలుతురు మసకబారగానే నల్లబడతాయి. వాటి ఆకులేమో పువ్వుల కంటే వెలుగుగా కనిపిస్తాయి. మసక వెలుతురులో కన్ను ఎరుపు కంటే నీలం, ఆకుపచ్చల వైపు ఎక్కువగా స్పందించడమే దీనికి కారణం. దీపాలు వేయకముందు, ఆ పది పదిహేను నిమిషాల్లో నీలి గోడ లోపలి నుంచి వెలుగుతున్నట్టు కనిపించేది ఇందుకే. నీలిమందు నీలంలో ఈ మార్పు చాలా స్పష్టంగా తెలుస్తుంది. నేను ఆ వేళకు దీపం వేయకుండా కాసేపు ఆగుతాను.

దీపాల సంగతి

రంగు ఎంచేది పగలు, గదిలో ఉండేది ఎక్కువగా రాత్రి. పడకగదికీ, చదువుకునే గదికీ ఇది మరీ నిజం. కాబట్టి బల్బు డబ్బా మీద రాసి ఉండే కెల్విన్ అంకె చూడకుండా నీలం ఎంచుకోకండి. వెలుగు ఎంత పసుపో, ఎంత తెలుపో చెప్పే అంకె అది.

2700 కెల్విన్ బల్బు పసుపు వెలుగునిస్తుంది. ఆ వెలుగులో నీలం పాలు తక్కువ, కాబట్టి గోడ తిరిగి ఇవ్వడానికి నీలం ఉండదు. మబ్బు నీలం అప్పుడు పాలిపోయిన ఆకుపచ్చ బూడిదగా కనిపిస్తుంది. నీలిమందు నీలం నలుపు వైపు జరుగుతుంది, కానీ ఆ నలుపులో లోతు ఉంటుంది, వెచ్చగా ఉంటుంది. 6500 కెల్విన్ తెల్ల బల్బు కింద మబ్బు నీలం ఆసుపత్రి వరండాలా అయిపోతుంది. నీలిమందు నీలం ఆ వెలుగులో చురుగ్గా, కొంచెం కటువుగా ఉంటుంది. 3000 నుంచి 4000 మధ్య బల్బులు మబ్బు నీలానికి అన్ని విధాలా క్షేమం. నీలిమందుకు 2700 లేదా 3000 వేసి, పైకప్పు మధ్యలో ఒకే పెద్ద దీపం కాకుండా కింది ఎత్తులో రెండు మూడు చిన్న దీపాలు పెట్టండి. పైనుంచి పడే ఒక్క దీపం ముదురు గోడను చదునుగా, నిర్జీవంగా చేస్తుంది. పక్క నుంచి పడే వెలుగు దానికి ప్రాణం పోస్తుంది.

డబ్బా మీద సీఆర్‌ఐ అని ఇంకో అంకె ఉంటుంది, రంగులను ఎంత నిజాయితీగా చూపిస్తుందో చెప్పేది. 90కి తగ్గకుండా చూసుకోండి. చవక బల్బు కింద మంచి నీలం కూడా మురికిగా కనిపించి, తప్పు రంగు మీద పడుతుంది.

లోపలి మొగ్గు: ఆకుపచ్చా, ఊదా?

లేతా ముదురా అన్నది తేలాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. ఏ నీలమూ అచ్చమైన నీలం కాదు. ఒకటి ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది, ఇంకొకటి ఊదా వైపు. కార్డు మీద వేలెడంత గడిలో ఈ మొగ్గు కనబడదు. గోడంతా పరుచుకున్నాకే బయటపడుతుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు.

ఈ మొగ్గు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. ఇప్పుడు రంగు కలిపే యంత్రాల్లో ఉండే నీలం చాలావరకు రాగి థాలోసయనిన్ అనే రసాయనం. 1928లో స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్‌లో ఒక రసాయన కర్మాగారంలో, పాత్ర లోపలి పూత పగిలి కింది ఇనుము బయటపడడంతో, తెల్లగా రావలసిన పదార్థంలో అనుకోకుండా నీలం తేలింది. ఆ నీలం గుట్టు విప్పే పని నుంచే రాగితో చేసిన రకం పుట్టి 1935లో అమ్మకానికి వచ్చింది. దాని సహజమైన మొగ్గు ఆకుపచ్చ వైపు. నెమలికంఠం ఛాయ దాని సొంతం. దీనికంటే పాతదైన అల్ట్రామెరైన్ అనే నీలం మొగ్గు ఊదా వైపు. ఒకప్పుడు అది అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల్లో దొరికే లాజవర్ద రాయిని నూరి తీసే రంగు, బంగారంతో పోటీపడే ఖరీదు. ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త గిమే దాన్ని కృత్రిమంగా తయారుచేసే పద్ధతికి 1828లో బహుమతి అందుకున్నాక అందరికీ అందుబాటులోకి వచ్చింది. మన నీలిమందు నీలానికి పేరే తప్ప, డబ్బాలో మొక్క నుంచి తీసిన నీలిమందు ఉండదు. థాలోసయనిన్‌కు నలుపు, కొద్దిగా ఊదా గానీ ఎరుపు గానీ కలిపి ఆ ఛాయ తెస్తారు. ఆ కలిపే పాళ్లలోనే మొగ్గు మారిపోతుంది.

మొగ్గు కనిపెట్టడానికి ఇంట్లోనే చేయగల పని ఒకటుంది. అనుకున్న నీలం ముక్క పక్కన మరో రెండు నీలాలు పెట్టండి, ఒకటి నెమలికంఠం లాంటిది, ఇంకొకటి వంగపండు ఛాయ తగిలినది. వాటి పక్కన పెట్టగానే మీ రంగు ఎటువైపు చుట్టమో బయటపడుతుంది. ఒంటరిగా చూస్తే తెలియదు, పోల్చినప్పుడే తెలుస్తుంది.

ఏ మొగ్గు మంచిది అంటే, మబ్బు నీలం విషయంలో నేను కొంచెం ఆకుపచ్చ వైపుకే ఓటు వేస్తాను. ఊదా వైపు మొగ్గిన లేత నీలం, ముఖ్యంగా ఉత్తరపు వెలుతురులో, చలికి వణికిన పెదవుల రంగులోకి దిగుతుంది, చాలామంది ఇష్టపడరు. ముదురు నీలంలో దీనికి భిన్నం. ఆకుపచ్చ వైపు మొగ్గిన ముదురు నీలం పసుపు దీపం కింద దాదాపు ముదురు ఆకుపచ్చే అయిపోతుంది. నీలం కోసం డబ్బు పెట్టినవారికి అది బాధ. రాత్రిపూట కూడా నీలంగానే ఉండాలంటే ఊదా వైపు ఒక అడుగు వేసిన నీలిమందు రంగు తీసుకోండి.

గోడకున్న లోపాలు, పని వాటా

ఇక్కడిదాకా నీలిమందుకు నేను వకాల్తా పుచ్చుకున్నట్టు ఉంది. దాని కష్టాలు కూడా అంతే వివరంగా చెప్పాలి.

రంగులో కప్పే గుణం ఎక్కువగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడి నుంచి వస్తుంది. మబ్బు నీలం తెల్లటి బేస్‌లో, అంటే రంగు చుక్కలు పోయకముందు డబ్బాలో ఉండే మూల ద్రవంలో, కలుపుతారు, కాబట్టి అది నిండుగా ఉంటుంది. రెండు కోట్లలో గోడ కప్పుకుంటుంది. నీలిమందు లాంటి ముదురు రంగుకు తెలుపు దాదాపు లేని డీప్ బేస్ వాడతారు, లేకపోతే ఎంత రంగు పోసినా ముదురు రాదు. తెలుపు లేని ఆ రంగు పల్చటి గాజులా కింది పొరను చూపిస్తుంది. మొదటి కోటు వేశాక గోడ చూసి భయపడకండి, రోలర్ చారలు, మచ్చలు, కింది తెలుపు అన్నీ కనిపిస్తాయి. తెల్ల ప్రైమర్ మీద, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత మీద, నేరుగా వేస్తే మూడు కోట్లు, ఒక్కోసారి నాలుగు. బూడిద రంగు కలిపిన ప్రైమర్ ముందు వేస్తే ఒక కోటు మిగులుతుంది. ఈ ఒక్క ముందుజాగ్రత్త చాలామంది వదిలేస్తారు.

లెక్కలో చెబుతాను. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదికి నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 380, అంటే 35 చదరపు మీటర్లు. నున్నటి గోడ మీద లీటరు రంగు ఒక కోటుకు 10 నుంచి 12 చదరపు మీటర్లు వస్తుంది. మబ్బు నీలం రెండు కోట్లకు ఆరు ఏడు లీటర్లు చాలు. నీలిమందు మూడు కోట్లకు తొమ్మిది పది లీటర్లు చూసుకోవాలి. పనివారి రోజు కూడా ఒకటి పెరుగుతుంది.

గోడ నునుపు ఇంకో సంగతి. కిటికీ పక్కనుంచి గోడ మీదుగా వాలుగా పడే వెలుతురు, లప్పం పట్టిన చోట్లను, మేకు గుంటలను, తాపీ దెబ్బలను ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తుంది. మబ్బు నీలం మెరుపు లేని మాట్ ఫినిష్‌లో వాటిని చాలావరకు దాచిపెడుతుంది. ముదురు రంగు, అందులోనూ మెరుపు ఉన్నది, దాచదు. రంగు వేయడానికి ముందు రాత్రి గది దీపాలు ఆర్పి, చేతి టార్చి గోడకు ఆనించినట్టు పట్టుకుని చూడండి. ఆ వెలుగులో మీకు కనిపించిన ప్రతి గుంటా నీలిమందు కింద కనిపిస్తుంది. అక్కడ లప్పం పెట్టించి, గరుకు కాగితంతో రుద్దించాకే రంగు డబ్బా మూత తీయండి.

ముదురు మాట్ గోడకు ఒక బలహీనత ఉంది, ఎవరూ ముందు చెప్పరు. గోరు గీసినా, సంచి రాసుకున్నా, తడిగుడ్డతో గట్టిగా తుడిచినా అక్కడ తెల్లగానో, నిగనిగలాడుతూనో ఒక మచ్చ నిలిచిపోతుంది. మా పడకగదిలో స్విచ్చు పక్కన అరచేయంత చోట ఇలాంటి మెరుపు ఉంది. పిల్లలు తిరిగే చోట, నడవలో, మెట్ల పక్కన నీలిమందు వేయాలంటే కడగదగిన, స్వల్పంగా మెరిసే ఫినిష్ తీసుకోండి. మరీ మెరిసేదైతే ఎదుటి కిటికీ మొత్తం గోడలో కనిపిస్తుంది. మచ్చ పడిన చోట మళ్లీ రంగు అద్దడం మబ్బు నీలంలో తేలిక. నీలిమందులో అద్దిన ముక్క వేరుగా తెలిసిపోతుంది, మూల నుంచి మూలకు ఆ గోడంతా వేయాల్సి వస్తుంది.

చెమ్మ ఉన్న గోడకు నీలిమందు వద్దే వద్దు. లోపలి ఉప్పు తెల్లటి పొడిలా పైకి తేలితే లేత గోడ మీద అంతగా తెలియదు, ముదురు గోడ మీద దూరం నుంచే కనిపిస్తుంది. కొత్త ప్లాస్టరింగు అయితే కనీసం 28 రోజులు ఆరనివ్వండి. సిమెంటు, సున్నం తడిగా ఉన్నంత కాలం వాటి క్షారం రంగును తినేస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం తడి సున్నం మీద గోధుమ రంగులోకి మారిపోయేది. ఇప్పటి నీలాలు క్షారానికి తట్టుకుంటాయి గానీ, వాటిని గోడకు పట్టి ఉంచే జిగురు దెబ్బతిని పెచ్చులు లేస్తాయి.

వెనక్కి రావడం గురించి కూడా ఆలోచించండి. మబ్బు నీలం మీద రేపు ఇంకే రంగైనా వేసుకోవచ్చు. నీలిమందు మీద లేత రంగు రావాలంటే ముందు ప్రైమర్, దానిపై రెండు కోట్లు తప్పవు. అద్దె ఇంట్లో ఉండేవారికి, ఏడాదికోసారి మనసు మారేవారికి మబ్బు నీలమే సరి.

పక్కన ఉండేవి

రంగు ఒంటరిగా ఉండదు. ఫ్రాన్స్‌లోని గోబ్లాఁ నేత కర్మాగారంలో అద్దకాల విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కు ఒక ఫిర్యాదు వచ్చింది: నీలం, ఊదా పక్కన నేసిన నల్ల దారం వెలవెలబోతోందని. ఆయన పరీక్షిస్తే దారంలో లోపమేమీ లేదు. పక్కనున్న రంగే దాన్ని అలా చూపిస్తోంది. ఆ పరిశీలనను పెంచి 1839లో ప్రచురించారు. గోడల విషయంలోనూ అదే జరుగుతుంది.

పసుపు ఛాయ ఉన్న క్రీము పైకప్పు కింద మబ్బు నీలం మరింత చల్లగా, పైకప్పు మరింత పసుపుగా కనిపిస్తాయి. రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. మబ్బు నీలానికి చుక్క బూడిద కలిసిన తెలుపు పైన వేయండి. నీలిమందుకు మాత్రం క్రీము తెలుపు బాగా కుదురుతుంది. పాలలాంటి తెలుపు పెడితే అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, కొందరికి అదే ఇష్టం.

చెక్క ఎక్కువగా ఉన్న గదిలో నీలిమందుకు ఎదురులేదు. తేనె రంగు, గోధుమ రంగు చెక్కలో నారింజ పాలు ఉంటుంది. నీలానికి ఎదురు రంగు నారింజే, కాబట్టి పక్కపక్కన ఉన్నప్పుడు రెండూ పుంజుకుంటాయి. ఇత్తడి పిడులూ అంతే. మబ్బు నీలం పక్కన అదే చెక్క కొంచెం బరువుగా కనిపిస్తుంది. అక్కడ లేత చెక్క, తెల్లగా వేసిన తలుపులు, నార బట్టలు నప్పుతాయి. నేల ఎర్రగా గానీ, కిటికీ బయట దట్టమైన చెట్లు గానీ ఉంటే ఆ రంగు ఎగిరి గోడ మీద పడుతుంది. లేత గోడ దాన్ని ఇట్టే పట్టుకుంటుంది, ముదురు గోడ మింగేస్తుంది.

ఒకే గోడకు ముదురు నీలం వేసి మిగిలిన మూడూ తెల్లగా ఉంచుదామా అని చాలామంది అడుగుతారు. నాకు నచ్చదు. ధైర్యం చాలక మధ్యలో ఆగిపోయినట్టు ఉంటుంది. తప్పదంటే పుస్తకాల అల్మరా ఉన్న గోడో, మంచం తలవైపు గోడో ఎంచుకోండి. కిటికీ ఉన్న గోడకు మాత్రం ఎప్పుడూ వేయకండి. బయటి తెల్లటి వెలుగు, చుట్టూ ముదురు గోడ, ఈ తేడా కంటికి గుచ్చుకుంటుంది.

పలకల పరీక్ష

ఇంత చదివాక కూడా కార్డు చూసి రంగు కొనకండి. గోడకు వేశాక ఏ రంగైనా కార్డు మీదకంటే గాఢంగా కనిపిస్తుంది. నాలుగు గోడలూ ఒకదాని రంగును మరొకదాని మీదకు విసురుకోవడం దీనికి ఒక కారణం. ఫోనులో ఫొటో తీసి పోల్చడం కూడా వృథా. ఫోను తనకు తోచిన తెలుపును సరిచేస్తూ నీలాన్ని మార్చేస్తుంది.

రెండడుగుల అట్ట పలకలు రెండు తీసుకోండి. ఒక్కోదానికి ఒక్కో నీలం, రెండేసి కోట్లు, నీలిమందుకు మూడు. చుట్టూ రెండు వేళ్ల వెడల్పు తెల్ల అంచు వదలండి, పాత గోడ రంగు కన్ను మీద పనిచేయకుండా. పూర్తిగా ఆరాకే చూడండి, తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. వాటిని గోడకు నిలువుగా ఆనించండి, నేల మీద పరచకండి. వెలుతురు పడే కోణం మారితే రంగు మారుతుంది. మొదటి రోజు కిటికీ ఎదుటి గోడకు, రెండో రోజు కిటికీ పక్క గోడకు, మూడో రోజు గదిలో అన్నిటికంటే చీకటి మూలలో పెట్టండి. పొద్దున ఏడు గంటలకు, మధ్యాహ్నం ఒంటిగంటకు, దీపం వేయకముందు, దీపం వేశాక చూడండి.

నేను రెండోసారి ఈ పని చేసినప్పుడు తీర్పు ఇచ్చింది ఆ మూలే. మధ్యాహ్నం ఒంటిగంటకు కిటికీ పక్కన రెండు పలకలూ బాగున్నాయి, మబ్బు నీలమే ఒక పిసరు ఎక్కువ బాగుంది. సాయంత్రం ఆరున్నరకు మూలలో చూస్తే, ఒక పలకలో నీలం ఉంది, ఇంకో పలకలో లేదు. గదిలో మీరు ఎక్కువసేపు ఏ వేళలో ఉంటారో, కూర్చున్న చోటి నుంచి ఏ గోడ కనిపిస్తుందో, ఆ వేళ ఆ గోడ చెప్పిందే లెక్కలోకి తీసుకోండి. మిగిలిన వేళల్లో అందంగా ఉండడం మీకు ఉపయోగపడదు.

మిగిలిన గదులు క్లుప్తంగా. పగలు పనిచేసే గది, పెద్ద కిటికీలు ఉన్న హాలు: మబ్బు నీలం. రాత్రిపూట మాత్రమే వాడే గది, పుస్తకాల గది, కిటికీ లేని చిన్న నడవ: నీలిమందు, పైన చెప్పిన ఫినిష్ జాగ్రత్తతో. వంటగదిలో జిడ్డూ ఆవిరీ ఉంటాయి కాబట్టి గోడలకు లేతది, కింది అల్మరాలకు ముదురుది. స్నానాల గదిలో గాలి ఆడకపోతే నీలిమందు జోలికి పోకండి, నీటి చుక్కలు ఎండిన తెల్ల మరకలు మీకు మనశ్శాంతి ఇవ్వవు.

కొనేటప్పుడు గదికి సరిపడా డబ్బాలన్నీ ఒకేసారి కలిపించుకోండి. ఇంటికొచ్చాక వాటిని ఒక పెద్ద బకెట్లో పోసి కలిపి వాడమని పనివారికి చెప్పండి. రెండు డబ్బాల మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా ముదురు నీలంలో గోడ మధ్యన గీత పడుతుంది. మిగిలిన రంగును చిన్న సీసాలో మూత బిగించి దాచి, దాని మీద రంగు పేరు, నంబరు, బేస్, ఫినిష్, వేసిన తేదీ చెరగని సిరాతో రాసి పెట్టుకోండి. మొదటిసారి నేను అది రాసుకోలేదు. ముందు గదిలో చిన్న మచ్చ సరిచేయడానికి అదే మబ్బు నీలం కోసం మూడు రకాలు కలిపించి చూడాల్సి వచ్చింది, మూడూ పక్కకు వెళ్లాయి.